కొత్త లాప్‌టాప్‌కి యాంటీవైరస్ కొనాలా? ఇంట్లో తలా ఒక మాట చెబుతున్నారు

వేళచ్చేరి_లెక్కలమ్మ
3 నవంబర్ 2025, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మొన్న శనివారం చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి కొత్త లాప్‌టాప్ తెచ్చుకున్నాను. పాతది విండోస్ 10ది. అక్టోబర్ 14తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామని చూస్తే ప్రాసెసర్ పాతది, కుదరదు అంది. కొత్తదానికి 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ.

నేను ఇంట్లో కూర్చునే ఏడెనిమిది చిన్న కొట్లకు లెక్కలు చూస్తాను. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్, జీఎస్‌టీ రిటర్నులు, వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఇందులోనే. రాత్రి ఎనిమిది దాటాక అదే లాప్‌టాప్ మా వాడి చేతికి పోతుంది. ఎనిమిదో తరగతి. హోంవర్క్ అంటాడు, వినిపించేవి మాత్రం తుపాకీ చప్పుళ్లు.

సంగతేమిటంటే, లాప్‌టాప్‌తో పాటే ఒక యాంటీవైరస్ 30 రోజుల ట్రయల్ వచ్చింది. పొద్దున్నుంచి నాలుగుసార్లు "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అని ఓ మూల నుంచి లేస్తోంది. షాపాయనేమో బిల్లు వేసేటప్పుడే మూడేళ్ల ప్యాక్ ఒకటి బల్ల మీద పెట్టి, ఇది లేకుండా నెట్ కలపొద్దు మేడం అన్నాడు. మా ఆయన అదంతా దండగ, విండోస్‌లోనే ఉంటుంది అంటారు. మా తమ్ముడు ఫ్రీది ఏదో ఒకటి వేసుకో అక్కా అంటాడు. పక్కింటావిడ రెండు వేసుకుంటే ఇంకా మంచిది కదా అంది!

డబ్బు పెట్టాలంటే పెడతాను, కానీ ఎందుకు పెడుతున్నానో తెలియాలి. క్లయింట్ల లెక్కలు పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?


ఓఎంఆర్_గోదారోడు
3 నవంబర్ 2025, రాత్రి 10:15

అక్కా, ముందు పక్కింటావిడ మాట వదిలేయండి. రెండు యాంటీవైరస్‌లు ఒకే మిషన్‌లో ఉంటే ఒకదాన్ని ఒకటి దొంగ అనుకుంటాయి. మీ 8 జీబీ ర్యామ్ వాటి కొట్లాటకే సరిపోతుంది.

నేను షోళింగనల్లూరులో సెక్యూరిటీ టీమ్‌లోనే పనిచేస్తాను. మా ఇంట్లో మూడు లాప్‌టాప్‌లకీ విండోస్‌తో వచ్చే డిఫెండరే. పదేళ్ల కిందట దాన్ని చూసి నవ్వేవాళ్లం, నిజమే. ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ పెట్టే పరీక్షల్లో కొనుక్కునే వాటి పక్కనే నిలబడుతోంది. వాళ్లు రక్షణకు 6, వేగానికి 6, వాడకానికి 6, మొత్తం 18 మార్కులు వేస్తారు. 17.5 గానీ ఆపైన గానీ వస్తే మంచి సరుకు కింద లెక్క.

ఒక విషయం చాలామందికి తెలియదు. ఆ ట్రయల్ ఉన్నంతసేపు డిఫెండర్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. కాబట్టి ఇప్పుడు మీకు కాపలా కాస్తున్నది ఆ అరిచేదే. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి దాన్ని తీసేసి, రీస్టార్ట్ చేయండి. డిఫెండర్ మళ్లీ లేస్తుంది. విండోస్ సెక్యూరిటీ తెరిస్తే అన్నిటికీ పచ్చ టిక్కు కనపడాలి.


పెంగ్విన్_పిచ్చోడు
3 నవంబర్ 2025, రాత్రి 10:21

విండోస్ తీసేసి దాని బదులు లినక్స్ వేసుకోండి. గొడవ వదిలిపోతుంది.


వేళచ్చేరి_లెక్కలమ్మ
3 నవంబర్ 2025, రాత్రి 10:24

టాలీ నడుస్తుందాండీ?


పెంగ్విన్_పిచ్చోడు
3 నవంబర్ 2025, రాత్రి 10:58

విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ అని ఒకటుంది, దాంట్లో కాస్త కుస్తీ పడితే...


ఓఎంఆర్_గోదారోడు
3 నవంబర్ 2025, రాత్రి 11:01

అన్నా, ఆవిడ రిటర్నులు వేసుకోవాలి. కుస్తీ పోటీలకు కాదు.


రిచీ_స్ట్రీట్_షాపు
4 నవంబర్ 2025, ఉదయం 8:30

మాది చిత్తూరు, ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా షాపు నడుపుతున్నాను. మీకు అమ్మింది నేను కాదమ్మా, కానీ మా వాళ్లనే అంటున్నారు కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

దాచేదేముంది, యాంటీవైరస్ బాక్సు మీద మాకు మిగులుతుంది. లాప్‌టాప్ మీద మిగిలేదానికన్నా సుఖంగా మిగులుతుంది. అలాగని ఊరికే అంటగట్టేది కాదు. గోదారోడు గారు ఆఫీసులో కూర్చుని చూసే మనుషులు వేరు, నా కౌంటర్ దగ్గరికొచ్చే మనుషులు వేరు. జిరాక్సు షాపులవాళ్లు, స్టూడియోవాళ్లు, డీటీపీవాళ్లు. రోజుకు యాభై పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు. చాలామందికి ఆ మిషన్‌లో నెట్ ఉండదు. డిఫెండర్ బలం చాలావరకు నెట్‌లోనే ఉంది, అనుమానం వచ్చినప్పుడల్లా పైకి వెళ్లి మైక్రోసాఫ్ట్ సర్వర్‌ని అడిగి వస్తుంది. నెట్ తీసేసి పెట్టిన పరీక్షల్లో దానికి మార్కులు తగ్గుతాయి, ఆస్ట్రియా ల్యాబు ఏవీ-కంపారటివ్స్ వాళ్ల రిపోర్టుల్లో చూసుకోవచ్చు. అలాంటి షాపుకి మన ఊళ్లోనే 1991లో పుట్టిన కే7 గానీ, పుణె వాళ్ల క్విక్ హీల్ గానీ ఇస్తాను. క్విక్ హీల్ పెట్టిన కైలాస్ కాట్కర్ మొదట్లో కాల్క్యులేటర్లు బాగుచేసిన మనిషి. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి అని ఏడుస్తూ వచ్చేవాడికి ఏం కావాలో ఇలాంటివాళ్లకు తెలుసు.

కొనేట్లయితే ఒక్క మాట. బాక్సు మీద ఎంఆర్‌పీ చూసి బెదరకండి, ఇక్కడ ఎవరూ ఆ రేటుకు అమ్మరు. అలాగని వాట్సాప్‌లో లైసెన్స్ కీ మాత్రమే పంపిస్తాం, వంద రూపాయలు అనేవాళ్ల దగ్గర కొనకండి. ఒకే కీని పదిమందికి అమ్ముతారు, రెండు నెలల్లో చచ్చిపోతుంది.


టీనగర్_తాతయ్య
4 నవంబర్ 2025, ఉదయం 10:05

మా తాతల కాలం నుంచి మద్రాసే. రిటైరై పదమూడేళ్లయింది. ఈ వైరస్‌లతో నాకు పాత స్నేహం. మొదటి పీసీ వైరస్ 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాశారు. ఫ్లాపీలో కూర్చుని ఊళ్లు తిరిగేది.

అసలు చెప్పాలనుకున్నది 2000 సంవత్సరం మే నెల సంగతి. మా ఆఫీసులో అప్పుడప్పుడే అందరికీ ఈ-మెయిల్ ఇచ్చారు. ఒకరోజు ఉదయం మా పెద్దసారు నుంచి అందరికీ 'ఐ లవ్ యూ' అని ఉత్తరం! ఆయన జన్మలో ఎవరినీ చూసి నవ్వి ఎరగడు. సూపరింటెండెంటు గారు చెమటలు పట్టి, తలుపు వేసుకుని మరీ తెరిచారు. తెరవగానే ఆయన పేరుతో మా అందరికీ మళ్లీ అదే ఉత్తరం. మధ్యాహ్నానికి ఆఫీసంతా ప్రేమే.

ఆ ఫైలు పేరు చివర 'వీబీఎస్' అని మూడక్షరాలు ఉన్నాయి, అంటే అది ఉత్తరం కాదు, ప్రోగ్రాము. విండోస్ ఆ చివరి ముక్కను దాచిపెట్టేది కాబట్టి అందరికీ మామూలు టెక్స్ట్ ఫైలులా కనపడింది. పాతికేళ్లయింది, విండోస్ ఇప్పటికీ దాస్తూనే ఉంది. అమ్మాయీ, ఏ మందు కొన్నా కొనకపోయినా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ'కి వెళ్లి, 'షో'లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి టిక్కు పెట్టు. ఇన్‌వాయిస్ అని వచ్చినదాని తోక 'ఈఎక్స్ఈ' అని ఉంటే అదీ ప్రోగ్రామే, ముట్టుకోకు.


కడప_ఆడిటర్
4 నవంబర్ 2025, మధ్యాహ్నం 1:20

అంబత్తూరులో మా ఆఫీసుంది, పన్నెండు సిస్టమ్‌లు. మేము డబ్బు పెట్టే కొంటాం. డిఫెండర్ పనికిరాదని కాదు. పన్నెండింటిలో ఏది అప్‌డేట్ కాలేదో, ఎవరు ఏది ఆపేశారో నాకు ఒకే చోట కనపడాలి కదా. ఒక్క లాప్‌టాప్ ఉన్న మీకు ఆ అవసరం లేదు.

కొన్నాక మాకొచ్చిన తలనొప్పి కూడా వినండి. జీఎస్‌టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం పెట్టాలంటే ఈఎంసైనర్ అనే ప్రోగ్రాము నడవాలి కదా, కొత్త యాంటీవైరస్ దాన్ని కదలనివ్వలేదు. ఏ కంపెనీదో పేరెందుకులెండి. బ్రౌజర్‌కీ వెబ్‌సైటుకీ మధ్యలో అది దూరి చదివే సౌకర్యం ఒకటుంటుంది, దాన్ని ఆపేశాక గానీ సంతకం పడలేదు. నెలాఖరులో రెండు రోజులు టెన్షన్. సంతకం కీ ఉండే యూఎస్‌బీ టోకెన్ కూడా పని కాగానే పీకేయండి, రోజంతా గుచ్చి ఉంచొద్దు.

బ్యాకప్ మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు పళ్లికరణైలో నా క్లయింటు ఒకాయన ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. ఆయన బ్యాకప్ శ్రద్ధగా తీసేవాడే. లాప్‌టాప్, బ్యాకప్ డిస్కు రెండూ ఒకే బీరువాలో, కింది అరలో! అప్పటి నుంచి నేను టాలీ డేటా రోజూ ఒక డిస్కులోకి తీసి, డిస్కు ఊడబీకి పైఅరలో పెడతాను. ఇంకో కాపీ ఇంటి బయట, క్లౌడ్‌లో. గుచ్చి వదిలేసిన డిస్కు బ్యాకప్ కాదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే దాన్ని కూడా తినేస్తుంది.


పొత్తేరి_హాస్టల్
4 నవంబర్ 2025, రాత్రి 11:48

మా ఫ్లోర్‌లో జరిగింది చెప్తా. మా రూమ్మేట్ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టకుండా వాడుకుందామని దాని క్రాక్ దించాడు. వాడికి మంచి పెయిడ్ యాంటీవైరస్ ఉంది, వాళ్ల నాన్న కొనిచ్చాడు. క్రాక్ వీడియోలో మొదటి స్టెప్పే "యాంటీవైరస్ ఆపేయండి, అది ఊరికే అడ్డుపడుతుంది". వీడు ఆపేశాడు. గంటలో ప్రతి ఫైలు పేరు చివరా ఏవో నాలుగక్షరాలు తగులుకున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లో ఒక నోటు: 980 డాలర్లు, 72 గంటల్లో కడితే సగం. స్టాప్-డీజేవీయూ అనే రకం అంట. ఫ్రీగా విప్పే టూల్ ఉంది గానీ కీ వాళ్ల సర్వర్ నుంచి వచ్చినదైతే పనిచేయదు, వీడిది అదే. సెమిస్టర్ ప్రాజెక్టు పోయింది.

డబ్బు కట్టలేదు. కట్టడానికి ఎవరి దగ్గరుంది!


ఓఎంఆర్_గోదారోడు
5 నవంబర్ 2025, ఉదయం 7:50

హాస్టల్ తమ్ముడు చెప్పిందాంట్లోనే అసలు సంగతంతా ఉంది. వాచ్‌మన్‌ని మనమే టీకి పంపించేస్తే వాడు ఎంత జీతగాడైనా ఒకటే.

షాపు అన్న చెప్పిన నెట్ లేని మిషన్ల సంగతి ఒప్పుకుంటున్నా. లెక్కలమ్మ గారికి మాత్రం నెట్ ఎప్పుడూ ఉంటుంది.

మీ తమ్ముడు చెప్పిన ఫ్రీవాటి గురించి. అవాస్ట్ వాళ్లు వాడేవాళ్ల బ్రౌజింగ్ వివరాలు అమ్ముకున్నందుకు అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఇప్పుడు నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా నాలుగూ ఒకే కంపెనీవి. ఆ వ్యాపారం 2020లోనే మూసేశారు, నిజమే. అయినా విండోస్‌లో ఫ్రీగా ఒకటి ఉండగా పాపప్‌లతో విసిగించే ఇంకో ఫ్రీ ఎందుకు?

ప్రైవేటుగా ఇద్దరు రష్యా వాళ్ల యాంటీవైరస్ కాస్పర్‌స్కీ గురించి అడిగారు. అమెరికా 2024లో దాని అమ్మకాలు ఆపేసింది, అక్కడి కస్టమర్ల మిషన్లలో చాలామందికి చెప్పాపెట్టకుండా అల్ట్రాఏవీ అనే వేరే సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చుంది. నేను మాత్రం వేయను.

అక్కా, డిఫెండర్‌లో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఉంటుంది, దాంట్లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి, టాలీ డేటా ఉన్న ఫోల్డర్ చేర్చండి. మొదటిసారి టాలీనే ఆపేస్తుంది, కంగారుపడొద్దు. 'అలౌ' లిస్టులో టాలీని పెడితే సరి.


వేళచ్చేరి_లెక్కలమ్మ
5 నవంబర్ 2025, రాత్రి 9:10

ట్రయల్ తీసేశాను. వెళ్లేముందు "నిజంగానే వెళ్లమంటారా" అని మూడుసార్లు అడిగింది, పెళ్లివారి బంధువులా. పచ్చ టిక్కులు వచ్చాయి. ఫోల్డర్ సంగతి కూడా చేశాను, చెప్పినట్టే టాలీని ఆపింది, లిస్టులో పెట్టాక నడిచింది. అందరికీ థాంక్స్. ఈ టాపిక్ అయిపోయినట్టే అనుకుంటా.


వేళచ్చేరి_లెక్కలమ్మ
9 నవంబర్ 2025, రాత్రి 8:35

అయిపోలేదు.

ఇవాళ సాయంత్రం ఊరికే విండోస్ సెక్యూరిటీ తెరిచి చూశాను. పచ్చ టిక్కులే. తాతయ్య గారు చెప్పిన తోకల సంగతి గుర్తొచ్చి డౌన్‌లోడ్స్ చూస్తే ఒక ఆట పేరుతో జిప్ ఫైలు, దాంట్లో 'క్రాక్' అనే ఫోల్డర్. మా వాణ్ని కూర్చోబెట్టి అడిగితే నిన్న దించానన్నాడు. డిఫెండర్ తీసేస్తుంటే, యూట్యూబ్‌లో చూసి 'ఎక్స్‌క్లూజన్స్' అనేదాంట్లో డీ డ్రైవ్ మొత్తం చేర్చాడట! అంటే అక్కడ ఏముందో చూడొద్దని డిఫెండర్‌కే చెప్పాడు. నా టాలీ డేటా కూడా డీలోనే ఉంది. ఆట రాలేదట. నల్ల కిటికీ ఒకటి ఒక్క క్షణం వచ్చి పోయిందట.

ఎల్లుండి 11, జీఎస్‌టీఆర్-1కి, అంటే అమ్మకాల రిటర్నుకి ఆఖరు తేదీ. ఇంకా నాలుగు కొట్లవి వేయాలి. కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఏం చేయను?


ఓఎంఆర్_గోదారోడు
9 నవంబర్ 2025, రాత్రి 8:44

ముందు వైఫై ఆపేయండి. వాణ్ని కొట్టకండి, ఇంకా ఏమేం చేశాడో చెప్పాలి కదా.

నల్ల కిటికీ వచ్చి పోయిందంటే ఏదో నడిచింది. ఇలాంటి క్రాకుల్లో ఈమధ్య ఎక్కువగా వచ్చేవి దొంగిలించే రకం. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, మళ్లీ పాస్‌వర్డ్ అడక్కుండా లాగిన్‌ను గుర్తుపెట్టే కుకీలు ఊడ్చుకుని వెళ్లిపోతాయి. ఫైళ్లు బాగానే కనపడతాయి, అందుకే ఏమీ కాలేదనుకుంటారు.

మీ ఫోన్ నుంచి, ఈ లాప్‌టాప్ నుంచి కాదు, ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. అక్కడే 'అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్' నొక్కండి. ఇది ముఖ్యం, కుకీ పోయి ఉంటే పాస్‌వర్డ్ మారిస్తే మాత్రమే చాలదు. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత జీఎస్‌టీ లాగిన్లు. క్లయింట్లవి కూడా.


కడప_ఆడిటర్
9 నవంబర్ 2025, రాత్రి 9:02

టోకెన్ గుచ్చి ఉందా నిన్న? లేకపోతే సంతకం గురించి భయం లేదు, దాని కీ టోకెన్ దాటి బయటికి రాదు. డిస్కులోకి చివరి బ్యాకప్ ఎప్పుడు తీశారు?


వేళచ్చేరి_లెక్కలమ్మ
9 నవంబర్ 2025, రాత్రి 9:06

టోకెన్ బీరువాలో ఉంది. బ్యాకప్ శుక్రవారం రాత్రి తీసి, డిస్కు దేవుడి గూట్లో పెట్టాను. పైఅర కదా.


కడప_ఆడిటర్
9 నవంబర్ 2025, రాత్రి 9:08

దేవుడున్నాడు. అయితే నిన్నటి ఎంట్రీలే మళ్లీ వేసుకోవాలి, అంతే.


ఓఎంఆర్_గోదారోడు
9 నవంబర్ 2025, రాత్రి 9:15

అయితే ఆలోచించక్కర్లేదు. వారం రోజుల లాప్‌టాప్, ఫార్మాట్ కొట్టేయడమే మేలు. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంది, రీస్టార్ట్ చేసి విండోస్ లేవకముందే వెతుకుతుంది. అదీ మంచిదే. కానీ క్లయింట్ల లెక్కలున్న మిషన్‌లో 'దొరకలేదు' అన్నమాట నమ్మి నేను నిద్రపోలేను. రీసెట్ చేసేటప్పుడు 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకోండి. డీ డ్రైవ్ కూడా ఖాళీ అయ్యేలా, అన్ని డ్రైవ్‌లూ అన్నది చూసుకోండి.


రిచీ_స్ట్రీట్_షాపు
9 నవంబర్ 2025, రాత్రి 9:31

అమ్మా, కొట్టేముందు ఒకటి. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు తాళం వేసి వస్తోంది, బిట్‌లాకర్. దాని రికవరీ కీ 48 అంకెలు, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి ఓ కాగితం మీద రాసుకోండి. వారానికి ఇద్దరైనా నీలం స్క్రీనుతో నా దగ్గరికొస్తారు, కీ అడుగుతోందని. ఖాతా ఏదో షాపువాడు తెరిచిచ్చాడు, పాస్‌వర్డ్ గుర్తులేదు అంటారు. అప్పుడు ఆ డేటా బ్రహ్మదేవుడు కూడా తీయలేడు.

పొద్దున షాపుకి తెస్తే నేనే కొట్టిస్తాను, డబ్బులొద్దు. బాక్సు కూడా అమ్మను లెండి.


పొత్తేరి_హాస్టల్
9 నవంబర్ 2025, రాత్రి 11:55

అక్కా, మీ బాబుకి వేరే అకౌంట్ పెట్టలేదా? వాడు మీ అడ్మిన్ లాగిన్‌లోనే ఆడుతున్నాడు, అందుకే ఎక్స్‌క్లూజన్ పెట్టగలిగాడు. స్టాండర్డ్ అకౌంట్ అయితే మీ పిన్ అడిగేది.


ఓఎంఆర్_గోదారోడు
10 నవంబర్ 2025, ఉదయం 6:20

తమ్ముడు కరెక్ట్. మొదటి రోజే నేను అడగాల్సిన ప్రశ్న ఇది. యాంటీవైరస్ పేర్ల గొడవలో పడి వదిలేశాను, తప్పు నాది.


వేళచ్చేరి_లెక్కలమ్మ
12 నవంబర్ 2025, రాత్రి 10:05

నిన్న రాత్రి పదిన్నరకు ఆఖరి రిటర్ను వేశాను. పాస్‌వర్డ్‌లు మార్చడానికే ఒక పూట పట్టింది. క్లయింట్లందరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఒకాయన కోప్పడ్డాడు, మిగతావాళ్లు బాగానే తీసుకున్నారు. రిచీ స్ట్రీట్ అన్నగారు మాట మీద నిలబడ్డారు, పైగా టీ కూడా ఇప్పించారు.

ఇప్పుడు డిఫెండరే ఉంది, కొనలేదు. మా వాడికి స్టాండర్డ్ అకౌంట్. నిన్న ఆటేదో ఎక్కించబోతే పిన్ అడిగిందట. వంటింట్లోకొచ్చి "అమ్మా, నీ పిన్ నా పుట్టినరోజేనా?" అన్నాడు.


టీనగర్_తాతయ్య
12 నవంబర్ 2025, రాత్రి 10:11

అవునా?


వేళచ్చేరి_లెక్కలమ్మ
12 నవంబర్ 2025, రాత్రి 10:12

మార్చేశాను తాతయ్య గారూ!

ఇంకో చిన్న ప్రశ్న. పాత లాప్‌టాప్ నెల్లూరులో మా నాన్నకు ఇద్దామనుకుంటున్నాం. విండోస్ 10కి ఇంక అప్‌డేట్లు లేవు కదా, దానికి యాంటీవైరస్ కొంటే సరిపోతుందా?


ఓఎంఆర్_గోదారోడు
12 నవంబర్ 2025, రాత్రి 10:30

సరిపోదక్కా. డిఫెండర్‌కి వైరస్ లిస్టు విండోస్ 10లో 2028 అక్టోబర్ దాకా వస్తుంది గానీ, విండోస్‌కున్న కంతలు అది పూడ్చదు. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దానికి ప్యాచ్, అంటే ఆ కంత పూడ్చే అప్‌డేట్, మార్చిలోనే ఇచ్చేశారు. వేసుకోనివాళ్లవే పోయాయి, ఆంధ్రాలో కొన్ని పోలీస్ కంప్యూటర్లతో సహా.

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే 'ఈఎస్‌యూ'లో, అంటే గడువు దాటాక కూడా ప్యాచ్‌లు ఇచ్చే పథకంలో చేరమని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్‌కి ఒప్పుకుంటే డబ్బు లేకుండానే 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి. పంపేముందు మీరే చేసి పంపండి, నాన్నగారికి ఫోన్‌లో చెప్పి చేయించాలంటే సంక్రాంతి వస్తుంది.


టీనగర్_తాతయ్య
12 నవంబర్ 2025, రాత్రి 10:47

నాన్నగారి ఫోన్ కూడా చూడమ్మా. మా బావమరిదికి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చింది, తోక 'ఏపీకే', అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు. నొక్కాడు. లాప్‌టాప్‌లో ఏముంటే ఏం లాభం, డబ్బు పోయింది ఫోన్ నుంచి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు కాబట్టి కొంత ఆపగలిగారు. ఆ నంబరు నాన్నగారి గోడ మీద క్యాలెండర్‌కి రాయించు.


రిచీ_స్ట్రీట్_షాపు
13 నవంబర్ 2025, ఉదయం 8:40

ఆ పాతదాంట్లో ఇంకా హార్డ్ డిస్కేనామ్మా? నెల్లూరు పంపేముందు నా దగ్గరికి తెండి, చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి వేసిస్తాను. దీనికి మాత్రం డబ్బులు తీసుకుంటాను.